పథ్యపు పట్టీలో ఆకుకూరల నిషేధము: ఒక పరిశీలన

గుండెలో కృత్రిమ కవాటము అమర్చబడిన రోగి ఆస్పత్రి నుండి ఇల్లు చేరునపుడు మందుల చీటితో బాటు ఒక పథ్యపు పట్టీ కూడ వెంట వచ్చును. అది ఒకచోట అచ్చుకాగితము, మరియొకచోట కేవలము నోటిమాట. ఏ రూపమున నున్నను అందు ముందుగా వినవచ్చు మాట చాలసార్లు ఒక్కటే: ఆకుకూరలు తినరాదు. వరంగల్లు, హనుమకొండ ప్రాంతములలో వార్ఫరిన్ గాని, దాని జాతికే చెందిన అసెనోకుమరాల్ గాని వాడు కుటుంబములలో ఈ మాటకు శాసనమునకున్నంత విలువ కలదు. పుంటికూర పప్పు వండిన నాడు ఇంటిల్లిపాదికి ఒక కూర, రోగికి వేరొక కూర. బంధువుల యింట పెండ్లికి పోయినచో విస్తరిలోని పాలకూర పప్పును చూచి ఉలికిపడుట, దానిని ప్రక్కకు నెట్టుట మామూలు. ఒక మనిషి ఇరువదియేండ్లో ముప్పదియేండ్లో ఈ విధముగా భోజనము చేయవలసి యున్నపుడు, ఆ నియమము శాస్త్రమునకు ఎంతవరకు నిలుచునో చూడకుండుట తగదు.

ఈ విషయము మన ప్రాంతమున కొద్దిమందికి మాత్రమే సంబంధించినది కాదు. బాల్యమున గొంతునొప్పిగా వచ్చి, సకాలమున పెనిసిలిన్ పడక, కీళ్లవాతపు జ్వరముగా మారి, చివరకు గుండె కవాటములను చెరచు వ్యాధి ఇరుకు ఇండ్లలో నివసించు పేద కుటుంబములలోనే హెచ్చు. చెడిన కవాటమునకు బదులు లోహపు కవాటము అమర్చుట ఒకప్పుడు ధనికులకే సాధ్యము. తిరువనంతపురములోని శ్రీ చిత్ర సంస్థ రూపొందించిన దేశీయ కవాటమును 1990లో మొదటిసారి మనిషికి అమర్చిరి. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ పథకము మొదలైన పిమ్మట కూలినాలి చేసికొనువారికి సైతము ఈ శస్త్రచికిత్స అందుబాటులోనికి వచ్చినది. రోగులలో ఇరువది, ముప్పది యేండ్ల స్త్రీలు అనేకులు. శస్త్రచికిత్సకు ప్రభుత్వము సొమ్ము చెల్లించును. తరువాత జీవితాంతము నడువవలసిన మందు, రక్తపరీక్ష, పథ్యము మాత్రము ఇంటివారి బాధ్యతయే.

కొత్త మందులు వచ్చినవి గదా, ఈ పాత మందుతో పని యేమి యని కొందరికి తోచవచ్చును. డాబిగాట్రాన్ అను కొత్త మందును లోహపు కవాటముల వారిపై పరీక్షింపగా రక్తపు గడ్డలును, రక్తస్రావమును రెండును హెచ్చుట చేత ఆ పరీక్షను మధ్యలోనే నిలిపివేసిరి; దాని ఫలితములు 2013లో వెలువడినవి. కీళ్లవాతపు గుండె జబ్బుతో బాటు గుండె లయ తప్పిన నాలుగున్నర వేలమందికి పైగా రోగులను, భారతదేశపు రోగులతో సహా, చేర్చుకొని జరిపిన మరియొక పరీక్షలో రివరాక్సాబాన్ కంటె పాత మందు వాడినవారిలోనే మరణములు తక్కువగా నున్నట్లు 2022లో తేలినది. కావున మన రోగులకు సంబంధించినంత వరకు ఈ పాత మందు ఇంకను చాలకాలము ఉండును. దానితో బాటే పథ్యపు పట్టీయు ఉండును.

ఈ మందు పుట్టుకయే ఒక మేత కథ. 1920 దశాబ్దపు తొలి యేండ్లలో కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రములలోను పశువులు చిన్న గాయమునకే రక్తము ధారగా కారి చనిపోజొచ్చెను. తడిసి బూజుపట్టిన స్వీట్ క్లోవర్ అను గడ్డిని మేయుటయే కారణమని పశువైద్యులు గుర్తించిరి. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఒకడు మంచుతుఫానులో చచ్చిన పెయ్యను, చెడిన గడ్డిని, గడ్డకట్టని రక్తముతో నిండిన పాలక్యానును బండి మీద వేసికొని విశ్వవిద్యాలయమునకు వచ్చి కార్ల్ పాల్ లింక్ అను రసాయన శాస్త్రజ్ఞుని యెదుట దింపెను. ఆయన శిష్యబృందము ఆరేండ్లు శ్రమించి 1939లో ఆ గడ్డిలోని విషమును స్ఫటికరూపమున వేరుచేసినది. దాని సంతతియే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా బజారుకెక్కి, 1954లో మనుష్యులకు ఔషధమైనది. మరుసటి సంవత్సరమే గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు దీనిని ఇచ్చిరి. ఎలుకల మందని విని భయపడి మాత్ర మానువారు కొందరుందురు. మోతాదును బట్టియే విషము, మోతాదును బట్టియే మందు. ఉప్పునకు కూడ ఈ సూత్రము వర్తించును.

ఇదే కాలమున మరియొక ప్రక్క డెన్మార్కు దేశీయుడైన హెన్రిక్ డామ్ కొవ్వులేని మేత పెట్టిన కోడిపిల్లలలో రక్తస్రావమును గమనించి, దానిని అరికట్టు పదార్థమునకు 1935లో విటమిన్-కె యని పేరిడెను. ఆ అక్షరము రక్తము గడ్డకట్టుటను తెలుపు డేనిష్, జర్మను భాషల పదమునకు మొదటిది. దానిని శుద్ధరూపమున పొంది నిర్మాణము తేల్చిన డాయిసీకిని, డామ్‌కును కలిపి 1943వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది. గడ్డిలోని విషమునకు ఈ విటమిన్ విరుగుడని క్రమముగా స్పష్టమైనది.

ఇక మన పథ్యపు పట్టీలోని మొదటి దోషము ఆహారమునకు సంబంధించినది కాదు, భాషకు సంబంధించినది. ఈ మందును తెలుగున 'రక్తము పలుచబరచు మందు' అని వ్యవహరించుచున్నారు. ఇది ఆంగ్లపు వాడుకమాటకు మక్కికి మక్కి అనువాదము. అక్కడను అది తప్పే; ఇక్కడ మరింత తప్పు. ఈ మాత్ర మ్రింగినందున రక్తము పాలలో నీరు కలిసినట్లు పలుచన గాదు. ఎఱ్ఱకణముల సంఖ్య తగ్గదు, రక్తపు చిక్కదనము మారదు. కాలేయము తయారుచేయు రక్తస్కందన కారకములలో రెండవది, ఏడవది, తొమ్మిదవది, పదవది అను నాలుగింటికి చివరి మెరుగు పెట్టుటకు విటమిన్-కె అవసరము. ఆ మెరుగు పడినగాని అవి కాల్షియమును పట్టుకొని పనిచేయజాలవు. ఈ సంగతి 1974లో తెలిసినది. ఒకసారి వాడిన విటమిన్-కె ను తిరిగి పనికివచ్చునట్లు చేయు ఎంజైము ఒకటి కాలేయములో కలదు. వార్ఫరిన్ ఆ ఎంజైమును అడ్డగించును. విటమిన్ వాడుకలోనికి తిరిగి రాదు; కారకములు అరకొరగా తయారగును; గడ్డకట్టుట మందగించును. ఇంతే జరుగునది.

పేరు తప్పైనంత మాత్రమున నష్టమేమి? నష్టము కలదు. పలుచబడిన రక్తమనగానే బలహీనమైన రక్తమని సామాన్యునికి తోచును. నీరసము కలిగినపుడు ఆ మాత్రయే కారణమని మానివేయుట, రక్తము పట్టుటకని టానిక్కులు త్రాగుట ఆ భావన నుండియే పుట్టవచ్చును. అంతకంటె పెద్ద ప్రమాదము మరియొకటి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ అను మాత్రలు రక్తఫలకికలు అతుకుకొనకుండ చేయునవి. గుండె రక్తనాళములో స్టెంటు వేయించుకొన్నవారు సాధారణముగా వాడునవి ఇవి. రివరాక్సాబాన్, అపిక్సాబాన్, డాబిగాట్రాన్ అను కొత్తవి ఒక్కొక్క కారకమును నేరుగా అడ్డగించునవి. ఈ రెండు తెగలకును విటమిన్-కె తో పొత్తు లేదు. అయినను తెలుగున అన్నిటికి పేరొక్కటే: రక్తము పలుచబరచు మందు. తత్ఫలితముగా స్టెంటు వేయించుకొని రోజునకొక ఆస్పిరిన్ మాత్ర వాడు మనిషి, పొరుగింటి కవాటపు రోగి పథ్యమును విని, తానును తోటకూర మానివేయును. గుండె జబ్బు కలవానికి ఆకుకూరలు మేలుచేయు ఆహారము. ఒక పేరు పొరపాటుగా పెట్టినందున అతడు వానిని పోగొట్టుకొనుచున్నాడు. 'రక్తస్కందన నిరోధకము' అను పదము పరీక్షాపత్రమునకు తగునేగాని రోగి నాలుకకు బరువు. 'గడ్డకట్టుట నాపు మందు' అనినచో అర్థమును చెడదు, నోటికిని భారము గాదు. వార్ఫరిన్ తెగకు ప్రత్యేకముగా 'కె-విరోధి మాత్ర' యని వాడుట ఇంకను మేలు. ఎవరు ఆకుకూరల లెక్క చూచుకొనవలెనో, ఎవరికి ఆ బెడద లేదో ఆ పేరే తెలుపును.

రెండవ దోషము నిషేధము. ఆకుకూరలలో విటమిన్-కె మెండుగా నుండుట సత్యము. అది మందు పనిని తగ్గించుటయు సత్యము. ఈ రెండు సత్యముల నుండి 'ఆకుకూరలు మానవలెను' అను నిర్ణయము వచ్చునట్లు పైకి కనబడును. కాని రాదు. వైద్యుడు మందు మోతాదును నిర్ణయించునది గాలిలో కాదు, రోగి తినుచున్న ఆహారము మీదనే. రోజును 150 మైక్రోగ్రాముల విటమిన్-కె తిను మనిషికి ఆ మేరకు మాత్ర హెచ్చుగా పడును. 30 తిను మనిషికి తక్కువగా పడును. రెండును సమ్మతములే. చెడునది మోతాదు కాదు, ఒడిదుడుకు.

ఆ ఒడిదుడుకును నిషేధమే పెంచుచున్నదని చెప్పుట వింతగా తోచును గాని లెక్క చూడుడు. అన్నము, పప్పు, ఆలుగడ్డ, వంకాయలతోనే కాలము గడుపు రోగి శరీరమునకు రోజును 30 మైక్రోగ్రాములే అందుచున్నవనుకొందము. కాలేయములో విటమిన్-కె నిలువ మిక్కిలి స్వల్పము; కొద్ది దినములలోనే తరగిపోవును. అట్టి మనిషి ఒక పండుగ నాడు అరువది గ్రాముల పాలకూర పడిన పప్పు తినెనా, సుమారు 290 మైక్రోగ్రాములు ఒక్కసారి లోపలికి పోవును. అది దినభత్యమునకు దాదాపు పదిరెట్లు. నిత్యము కొంత కూర తినుచు 150 దగ్గర నిలిచిన మనిషికి అదే పప్పు రెండింతలు మాత్రమే. అలవాటున్నవానికి తొట్రుపాటు, లేనివానికి కుదుపు.

ఇది కేవలము కాగితపు లెక్క కాదు. ఇంగ్లండులోని న్యూకాసిల్ పరిశోధకులు రక్తపరీక్ష ఫలితములు నిలకడలేని రోగులను, నిలకడగల రోగులను పోల్చిచూచి, నిలకడలేని వారే విటమిన్-కె తక్కువగా తినుచున్నారని 2005లో ప్రకటించిరి. కారణము తెలియని ఒడిదుడుకులు గల వారికి ఆరు మాసములు ప్రతిదినము 150 మైక్రోగ్రాముల విటమిన్ ఇచ్చి చూడగా నిలకడ మెరుగుపడినదని 2007లో అదే బృందము తెలిపినది. ఇక్కడ అతిశయోక్తికి పోరాదు. తరువాతి పరీక్షలన్నియు అంత స్పష్టముగా లేవు. అందరికిని విటమిన్ మాత్రలు ఇచ్చుట అనవసరమని అమెరికా ఛాతీవైద్యుల సంఘము 2012లో సూచించినది. కాని విటమిన్ మాత్ర వేరు, రోజువారీ కూర వేరు. కూరను పూర్తిగా నిషేధించుటకు మాత్రము ఈ పరిశోధనలలో ఎక్కడను ఆధారము లేదు.

నిషేధమునకు మూల్యము కూడ కలదు. తెలంగాణలో 15 నుండి 49 యేండ్ల స్త్రీలలో సగము కంటె హెచ్చుమందికి రక్తహీనత కలదని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చినది. మాంసము అరుదుగా, పండ్లు అంతకంటె అరుదుగా దొరకు ఇంట ఫోలేటు, కెరోటీను, కొంత ఇనుము చవుకగా లభించునది ఆకుకూరలలోనే. కవాటపు రోగులలో అధికులు ఈ స్త్రీలే. వారి పళ్లెము నుండి తోటకూరను తీసివేసి దాని స్థానమున ఏమి పెట్టవలెనో పథ్యపు పట్టీ చెప్పదు.

ఈ వాక్యములు చదివి రేపటినుండియే గిన్నెడు కూర మొదలుపెట్టువారికి ఒక హెచ్చరిక. ఏండ్ల తరబడి కూర మానిన రోగికి ఆ లోటునకు తగినట్లే మాత్ర కుదిరియున్నది. హఠాత్తుగా కూర చేర్చినచో మందు పని పడిపోవును, కవాటము మీద గడ్డ ఏర్పడును. లోహపు కవాటము గలవారి ఛాతీలో గడియారము వలె టిక్కుటిక్కుమను చప్పుడు వినిపించును. గడ్డ పట్టినపుడు ఆ చప్పుడు మందగించును. అంతవరకు పోనీయరాదు. వైద్యునితో చెప్పి, కొద్దికొద్దిగా చేర్చుచు, పరీక్ష వెంట పరీక్ష చేయించుచు మాత్రను సరిచేసికొనుట ఒక్కటే మార్గము.

ఆ పరీక్షను గూర్చియు రెండు మాటలు. రక్తము గడ్డకట్టు కాలమును కొలుచు పద్ధతిని 1935లో క్విక్ అను వైద్యుడు ప్రవేశపెట్టెను. ఒక్కొక్క ప్రయోగశాల రసాయనము ఒక్కొక్క తీరుగా ఉండుట వలన ఫలితములు పోల్చుటకు వీలుండెడిది కాదు. ఆ తేడాను సవరించి అంతటికి ఒకే కొలత నేర్పరచిన పద్ధతిని 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించినది. అదియే నేడు ఐ.ఎన్.ఆర్. అని చీటీలపై కనబడునది. మందు లేని మనిషికి అది ఒకటికి దగ్గరగా నుండును. కవాటపు రోగికి, కవాటము గుండెలో ఏ స్థానమున నున్నదో బట్టి, సాధారణముగా 2 నుండి 3 వరకో, 2.5 నుండి 3.5 వరకో ఉంచుదురు. ఏడవ కారకము ఆరు గంటలలో సగమగును. రెండవది సగమగుటకు రెండు మూడు దినములు పట్టును. కావున నిన్నటి కూరకు నేటి పరీక్షలో జవాబు వెదకుట వ్యర్థము. గడచిన వారమంతయు ఏమి జరిగినదో చూడవలెను.

మూడవ దోషము అరువు తెచ్చుకొన్న జాబితా. పథ్యపు పట్టీలలో కేల్, బ్రోకలీ, బ్రసెల్స్ మొలకలు అను పేర్లు కనబడుచుండును. ఇవి పాశ్చాత్య దేశముల జాబితాల నుండి ఎత్తి వ్రాసినవని వేరుగ చెప్పనక్కరలేదు. హనుమకొండ కూరగాయల అంగడిలో బ్రసెల్స్ మొలకలు వెదకి, దొరకక, నిషేధమును పాటించితినని తృప్తిపడు రోగిని తలచుకొనిన నవ్వు వచ్చును. అదే జాబితాలో పుంటికూర ఉండదు, మునగాకు ఉండదు, గంగవాయిలి కూర ఉండదు. ఉగాది నాళ్ల చింతచిగురు, వినాయక చవితి నాటి తుమ్మికూర, వానలు పడగానే చేలగట్ల మీద మొలచు నానావిధములైన ఆకులు అసలే ఉండవు. మన ప్రాంతమున ఆకుకూరలు సంవత్సరమంతయు ఒక్కతీరుగా తినబడవు. ఋతువును బట్టి పెరుగును, తరుగును. నిలకడ కావలెనను వైద్యుడు గమనింపవలసిన మొదటి విషయమిదియే. జాబితా దీనిని ఎరుగదు.

కొన్ని పట్టీలు ఆకుపచ్చగా నున్న ప్రతి కాయను కూడ దోషి చేయును. విటమిన్-కె ఆకులోని హరితకణములలో నుండుట నిజమే. అందుచేతనే క్యాబేజి పై ఆకులలో ఎక్కువ, లోపలి తెల్లని ఆకులలో తక్కువ. అయితే రంగును చూచి పరిమాణమును నిర్ణయింపరాదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారము నూరు గ్రాముల పచ్చి పదార్థములో తోటకూర జాతి ఆకులకు సుమారు 1,140, పాలకూరకు 480, కొత్తిమీరకు 310 మైక్రోగ్రాములుండగా, క్యాబేజికి 75, బెండకాయకు 30, కాలీఫ్లవరుకు 15, టమాటకు 8, ఆలుగడ్డకు 2 మాత్రమే. ఉల్లిగడ్డలో ఒకటి కూడ లేదు. పచ్చిపులుసు మీద చల్లిన నాలుగు కొత్తిమీర రెబ్బలు అయిదు గ్రాములు తూగినను పదిహేను మైక్రోగ్రాములే గదా. వానిని ఏరి పారవేయుటలో అర్థము లేదు. అమెరికా వైద్యులు పెద్దవారికి రోజును చాలునని చెప్పు మొత్తము పురుషులకు 120, స్త్రీలకు 90 మైక్రోగ్రాములు. పై అంకెలను ఆ వెలుగులో చూడవలెను.

గ్రీన్ టీ మీది నిషేధము మరియొక విచిత్రము. ఎండుటాకులో విటమిన్-కె హెచ్చుగా నున్నదని పరీక్షలో తేలిన మాట నిజము. కాని ఇది నీట కరగని విటమిను; ఆకు గిన్నెలోనే మిగులును, కప్పులోనికి వచ్చునది అత్యల్పము. ఎవరును ఆకును నమలరు. ఈ కారణము చేతనే ఆకుకూరను ఉడికించి ఆ నీటిని పారబోసినచో దోషము పోవునను గృహచిట్కాయు పనిచేయదు. నీటితో పోవునవి విటమిన్-సి, ఫోలేటు; ఏది పోవలెనని పారబోసితిమో అది కూరలోనే యుండును.

కొవ్వులో కరగు విటమిను అను మాట తలచినచో పట్టీలో లేనిది ఒకటి జ్ఞాపకము రావలెను: వంటనూనె. పైన చెప్పిన పట్టికలలోనే సోయా నూనెకు నూరు గ్రాములకు సుమారు 180, నువ్వుల నూనెకు 14, పామాయిలుకు 8, పొద్దుతిరుగుడు నూనెకు 5 మైక్రోగ్రాములు. వేరుసెనగ నూనెలో ఒకటి కూడ లేదు. ఇంట పొద్దుతిరుగుడు నూనె అయిపోయి, చవుకగా దొరకినదని సోయా నూనె ప్యాకెట్టు తెచ్చిరనుకొందము. మనిషికి రోజునకు పాతిక గ్రాముల నూనె పడినను, కంటికి కనబడకుండ నలువదియైదు మైక్రోగ్రాములు చేరును. ఆకుకూర ముట్టని రోగికి అది దినభత్యమును రెండింతలకు మించి పెంచును. పరీక్షలో అంకె మారినపుడు ఏమి తింటివని అడిగినచో రోగి ఏమియు లేదనును, నిజమే చెప్పుచున్నాడు. అంతేకాదు, ఆకులోని విటమిన్ నూనెతో గాని నెయ్యితో గాని కలిసి తిన్నపుడే శరీరమున కెక్కువ పట్టును. తాలింపు పెట్టిన పాలకూరయు, ఉత్త పాలకూరయు ఒక్కటి కావు.

మన ఆహారములకు మన అంకెలు లేవా యను ప్రశ్న సహజము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1971లో వెలువరించిన గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రహ్మణ్యన్‌ల ప్రసిద్ధ గ్రంథములో విటమిన్-కె కు చోటు దొరకలేదు. ఆ లోటును 2017లో అదే సంస్థ ప్రచురించిన భారతీయ ఆహార సంఘటన పట్టికలు తీర్చినవి. దేశమును ఆరు ప్రాంతములుగా విభజించి నమూనాలు సేకరించి 528 ఆహారములను విశ్లేషించిన ఈ గ్రంథములో విటమిన్-కె విలువలును గలవు; గోంగూర, మునగాకు వంటి ఆకులును గలవు. ఇది గొప్ప కృషి; సందేహము లేదు. కాని రోగి దృష్టితో చూచిన కొన్ని లోపములు కనబడును. విలువలు చాలవరకు పచ్చి పదార్థములకే. వండిన పులుసునకు, పప్పునకు గావు. కొలత నూరు గ్రాములు. మన ఇల్లాలి కొలత కట్ట, గరిటె, గిన్నె. కట్ట ఎంతయుండునో అంగడిలో వాన పడినదా లేదా యను దానిని బట్టి మారును. గ్రంథము ఆంగ్లములో నున్నది. దీనిని ఆధారముగా గైకొని 'ఒక గరిటె పుంటికూర పప్పు ఇంత' అని తెలుగున వ్రాసినగాని ఆ పరిశోధన వంటయింటికి చేరదు. ఆ పని పోషకశాస్త్రజ్ఞులు, వైద్యులు, తెలుగు తెలిసిన వారు కలిసి చేయదగినది; కష్టమైనదియు కాదు.

పట్టీలో ఉన్నదానికంటె లేనిదే ఎక్కువ ప్రమాదకరమని చివరకు అంగీకరింపవలసి వచ్చును. ఆకుకూరకు బెదరు రోగి మోకాలినొప్పికి మందుల దుకాణములో డైక్లోఫినాక్ మాత్ర కొని వేసికొనుటకు బెదరడు. అది కడుపులో పుండు చేయును, ఫలకికలను అణచును. ఇటు కె-విరోధి మాత్రయు పనిచేయుచుండగా రక్తస్రావము కలుగుటకు ఇంతకంటె సులభమైన త్రోవ లేదు. విరేచనములకు మెట్రోనిడజోల్, తామరకు ఫ్లూకొనజోల్ మాత్ర, మూత్రపు మంటకు కోట్రైమోక్సజోల్ వార్ఫరిన్ పనిని తీవ్రముగా పెంచును. క్షయకు ఇచ్చు రిఫాంపిసిన్ దానికి విరుద్ధముగా తగ్గించును. క్షయ చికిత్స ముగిసి ఆ మందు ఆపినపుడు మాత్ర పని మరల పైకి లేచునను సంగతిని మరవరాదు. జ్వరము వచ్చి నాలుగు దినములు అన్నము సయించకపోయిన, కార్తీక సోమవారములు ఉపవాసమున్న, రంజాను మాసమున భోజనవేళలు మారిన, విటమిన్ రాక తగ్గి అంకె పెరుగవచ్చును. మేడారము జాతరకు పోయి రెండు మూడు దినములు వరుసగా మద్యము పుచ్చుకొన్నవారి సంగతియు అంతే. ఒక్కసారిగా ఎక్కువ త్రాగినచో మందు విచ్ఛిన్నము నెమ్మదించి రక్తస్రావపు భయము కలుగును. గర్భము ధరించుటకు ముందుగానే వైద్యునికి చెప్పవలెనను మాట, మందు శిశువునకు కీడు చేయగలదు కనుక, ఇరువదియేండ్ల స్త్రీ చేతికిచ్చు కాగితమున మొదటి పంక్తిలో ఉండవలసినది. అక్కడ పాలకూర ఉండుట న్యాయము కాదు.

చిగుళ్లనుండి రక్తము కారుట, మూత్రము ఎఱ్ఱబారుట, మలము తారువలె నల్లనగుట, తలకు దెబ్బ తగులుట - వీనిలో ఏది జరిగినను పరీక్షదినము వరకు ఆగక ఆస్పత్రికి పోవలెనని పెద్ద అక్షరములతో అచ్చువేయుటకు చోటు చాలదనుట కుదరదు. నిషిద్ధ పదార్థముల జాబితాను తొలగించినచో అర్ధపుట ఖాళీ యగును. ఆ ఖాళీలో గళ్లు గీచి, నెలనెలా పరీక్ష అంకె ప్రక్కన ఆ నెలలో తిన్న కూర ఎన్నిమార్లు, మార్చిన నూనె ఏది, వచ్చిన జ్వరమేది, వేసికొన్న ఇతర మాత్ర లేవియో రోగి చేతనో, చదువరాని రోగి యైన అతని పిల్లల చేతనో వ్రాయింపవచ్చును. పది నెలలు వ్రాసిన అట్టి కాగితము వైద్యుని యెదుట పెట్టినపుడు, అంకె ఎందుకు మారినదో చాలమారులు ఆ గళ్లలోనే దొరకును.